అపోహలు - వాస్తవాలు: ఇంగ్లీషుకి ‘స్లాంగ్’ మార్చుకోవాలా?

పోయిన వారం ఒక నర్సమ్మాయి వచ్చింది. ఖమ్మం దగ్గర ఊరు. బ్రిటన్ వెళ్లాలని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాస్తోంది. అక్కడ నర్సులను రిజిస్టర్ చేసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ స్పీకింగ్‌లో 7 అడుగుతుంది, ఈమెకు 6.5 దగ్గర ఆగింది. కుర్చీలో కూర్చోకముందే, “మేడం, నా స్లాంగ్ మారడానికి ఎన్ని నెలలు పడుతుంది?” అంది. అప్పటికే ఎక్కడో యాక్సెంట్ కోర్సుకని 22 వేలు కట్టేసింది. నెల రోజులు వాళ్లు నేర్పింది నాలుక మడిచి ‘ర్ర్’ అనడం.

ముందు ఒక మాట. స్లాంగ్ అంటే యాస కాదు, స్నేహితుల మధ్య దొర్లే గల్లీ మాటలు. మీరు అడుగుతున్నది యాక్సెంట్ గురించి. ఈ ఒక్క పదం దిద్దడంలోనే నా గొంతు సగం అరిగిపోయింది, సరే.

అపోహ: ఇంగ్లీషు వాళ్లలాగో, అమెరికన్లలాగో మాట్లాడితేనే మార్కులు, ఉద్యోగాలు.

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో చూసేవి నాలుగు: తడబడకుండా సాగడం, పదసంపద, గ్రామర్, ఉచ్చారణ. నాలుగింటికీ సమాన వాటా. ఉచ్చారణలో చూసేది కూడా వినేవాళ్లకు శ్రమ లేకుండా అర్థమవుతోందా అన్నదే. మీ మాటలో ఖమ్మం వినిపించినంత మాత్రాన మార్కులు కోయరు. అయినా బ్రిటిష్ యాస అంటే ఏది? లివర్‌పూల్‌దా, గ్లాస్గోదా? రేపు మీ వార్డులో పేషెంట్లు మాట్లాడేది ఆ కోర్సు వీడియోల్లో ఉండదు.

అరువు యాస పనికిరాకపోవడమే కాదు, ఉన్నదాన్నీ చెడగొడుతుంది. నేను పడ్డాను కాబట్టే చెబుతున్నా. టీచింగ్‌లోకి రాకముందు ఒక కాల్‌సెంటర్‌లో చేశాను. అమెరికన్లు వాటర్‌ని ‘వాడర్’లా, సిటీని ‘సిడీ’లా పలుకుతారని ట్రైనింగ్‌లో చెప్పారు. నిజమే. నాకు అది ఎంత నచ్చిందంటే కనిపించిన ప్రతి ‘ట’నీ ‘డ’ చేసేశాను. ఒక పెద్దాయన బిల్లు 13 డాలర్లు. నేను స్టైల్‌గా ‘థర్డీన్’ అన్నాను. ఆయనకు 30 అని వినపడింది. అమెరికన్లు థర్టీని ‘థర్డీ’లా అంటారు గానీ, థర్టీన్‌లో ‘టీ’ మీద నొక్కు (స్ట్రెస్) పడుతుంది కాబట్టి అక్కడ ‘ట’ని ‘ట’గానే ఉంచుతారు. అది మాకెవరూ చెప్పలేదు. ఆయన గొంతు పెంచేకొద్దీ నేను ఇంకా స్టైల్‌గా చెబుతున్నాను. చివరికి విసుగొచ్చి మన పద్ధతిలో “వన్, త్రీ” అంటే ఒక్క క్షణంలో అర్థమైంది.

అసలు చిక్కు ఆ నొక్కు దగ్గరే ఉంది. తెలుగులో మాటను ఎక్కడ నొక్కినా అర్థం చెడదు, అందుకే మనం దాన్ని పట్టించుకోం. ఇంగ్లీషు వాళ్ల చెవి దాన్నే పట్టుకుని మాటను గుర్తిస్తుంది. అలర్జీలో నొక్కు మొదటి ‘అ’ మీద, అలర్జిక్‌లో ‘ల’ మీద. ఈ అమ్మాయి రెండింటినీ ‘ల’ మీదే నొక్కుతోంది. డెవలప్‌లో ‘వె’ మీద పడాల్సింది ‘డె’ మీద వేస్తోంది.

రెండోది ద్విత్వాలు. అమ్మ, అక్క, పప్పు అని పలికిన నోరు మనది. స్వెల్లింగ్, రన్నింగ్ స్పెల్లింగుల్లో రెండేసి అక్షరాలు కనిపించగానే రెండూ పలికేస్తాం. అక్కడ పలకాల్సింది ఒక్క ‘ల’, ఒక్క ‘న’. ఇక ‘యెగ్’, ‘వొన్లీ’ అంటూ ముందు చేరే య, వ తీసేయండి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే మీకే తెలుస్తుంది, దానికి నాకు ఫీజు కట్టక్కర్లేదు.

మిగతావి గబగబా.

‘సిన్స్ త్రీ ఇయర్స్’ తప్పు. మూడేళ్ల నుంచి, 2021 నుంచి అని తెలుగులో రెండుచోట్లా ‘నుంచి’ ఒకటే. ఇంగ్లీషులో గడిచిన కాలానికి ‘ఫర్’, మొదలైన రోజుకో ఏడాదికో ‘సిన్స్’.

‘ప్రిపోన్’ (అనుకున్న తేదీ కంటే ముందుకు జరపడం) అసలు పదమే కాదని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనే ఉంది, భారతీయుల వాడుక అని రాసి మరీ. ఇక్కడ హాయిగా వాడండి, అక్కడ ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అనండి.

‘మీ నాన్నగారికి మీరు ఎన్నో సంతానం?’ దీన్ని ఇంగ్లీషులో ఎలా అడగాలని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు నన్ను పరీక్షిస్తారు. ‘ఎన్నో’కి సరిపోయే ఒక్క మాట మామూలు ఇంగ్లీషులో లేదు. చుట్టు తిరిగి అడగాలి. ఇది రానందుకు ఎవరి వీసా ఆగలేదు.

ఆ అమ్మాయికి పరీక్ష ఇంకా మూడు వారాలుంది. టెన్షన్ పడకుండా, డ్యూటీలో రోజూ వాడే మాటలు ఒక ముప్ఫై రాసుకు రమ్మన్నాను, ఒక్కోదాంట్లో నొక్కు ఎక్కడో గుర్తు పెడదామని. నిన్న తెచ్చింది. పైన మొదటి వరుసలో పక్కపక్కనే రాసి ఉన్నాయి: 15 మిల్లీగ్రాములు, 50 మిల్లీగ్రాములు.