క్రిస్పిన్ గ్లోవర్ కేసు: గొడవంతా ముఖం అచ్చు దగ్గరే

నటుల డిజిటల్ నకళ్ల (కంప్యూటర్‌లో చేసే ప్రతిరూపాల) మీద రగడ రాజుకున్న ప్రతిసారీ హాలీవుడ్ నటుడు క్రిస్పిన్ గ్లోవర్ పేరు బయటికొస్తుంది. ఇప్పుడూ వచ్చింది. ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ రెండో భాగంలో తన ముఖాన్ని వేరే నటుడికి తగిలించారని యూనివర్సల్ స్టూడియో మీద ఆయన వేసిన కేసుని చాలామంది ‘చారిత్రక తీర్పు’ అని రాసేస్తున్నారు. అక్కడ తీర్పంటూ ఏమీ రాలేదు. 1990లో లాస్ ఏంజెలెస్‌లో దావా వేశారు, విచారణ మొదలు కాకముందే రాజీ కుదిరింది. బయటికొచ్చిన లెక్క ప్రకారం సుమారు 7,60,000 డాలర్లు ముట్టాయి. అదీ స్టూడియో బీమా సంస్థ కట్టింది.

‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ (1985) కథంతా మళ్లీ చెప్పనక్కర్లేదు, హీరో కాలంలో వెనక్కి వెళ్లి తల్లిదండ్రులని వాళ్ల కుర్రతనంలో కలుస్తాడు. అందులో హీరో తండ్రి జార్జ్ మెక్‌ఫ్లైగా వేసిన గ్లోవర్, కొడుకుగా వేసిన మైకేల్ జె. ఫాక్స్ కంటే దాదాపు మూడేళ్లు చిన్న. కుర్ర జార్జ్‌గా వేసిన గ్లోవరే నడివయసు తండ్రిగానూ కనిపించాలి. అందుకని మేకప్ వాళ్లు అతని ముఖం అచ్చు తీశారు. అసలు మలుపు అదే. దావా, రాజీ అన్నీ ఆ తర్వాతి సంగతులు.

ఈ అచ్చు ఎలా తీస్తారంటే: పళ్ల డాక్టర్లు వాడే ఆల్జినేట్ పొడిని నీళ్లలో కలిపి, కళ్లు మూయించి, ముక్కు రంధ్రాలు వదిలి ముఖమంతా పూస్తారు. కొద్ది నిమిషాల్లో రబ్బరులా గడ్డకడుతుంది. అది వంగిపోకుండా పైన ప్లాస్టర్ పట్టీలు వేస్తారు. ఊడదీశాక ఆలస్యం చేస్తే నీరు ఆవిరై అచ్చు కుంచించుకుపోతుంది కాబట్టి వెంటనే అందులో ప్లాస్టర్ పోస్తారు. పూత బరువుకి బుగ్గలు కిందికి లాగితే బొమ్మ అసలు మనిషి కంటే పెద్దవాడిలా వస్తుంది, మళ్లీ చేయాల్సిందే. సరిగ్గా కుదిరితే మాత్రం చర్మం మీది గీతతో సహా ఆ నటుడి తల బల్ల మీద ఉంటుంది. దాని మీద మట్టితో ముడతలు మలిచి, రబ్బరు నురుగుతో తొడుగులు చేసి ఓవెన్‌లో ఉడికిస్తారు. సినిమా అయిపోయాక ఆ తల స్టూడియో సొత్తు. నటుడు ఇంటికి వెళ్లిపోతాడు.

రెండో భాగానికి (1989) పారితోషికం దగ్గర పేచీ వచ్చింది. ఫాక్స్‌తో సమానంగా డబ్బు అడిగాడని రచయిత, నిర్మాత బాబ్ గేల్ చెబుతూ వచ్చారు. గ్లోవర్ చెప్పేది వేరు. తోటి నటులు లియా థామ్సన్, టామ్ విల్సన్‌లకి ఇచ్చినదాంట్లో సగం కూడా తనకి ఇవ్వజూపలేదని, మొదటి సినిమా ముగింపుని ప్రశ్నించినందుకే ఈ శిక్ష అని ఆయన వాదన. ఆ ముగింపులో కుటుంబానికి డబ్బు, కొత్త బండి బహుమతిగా దక్కుతాయి. ప్రేమ దక్కితే చాలదా అని షూటింగప్పుడే అడిగానంటారు. ఇరవై ఏళ్ల నటుడు అలా అడగడం సెట్‌లో ఎవరికి నచ్చుతుంది! ఎవరి మాట నిజమైనా, పాత్రకి మరొకరిని తీసుకునే హక్కు నిర్మాతకి ఉంది. గ్లోవర్ కూడా దాన్ని కాదనలేదు.

నిర్మాతలు అక్కడితో ఆగలేదు. జెఫ్రీ వైస్మన్ అనే నటుడిని తెచ్చి, మొదటి సినిమా అచ్చు ఆధారంగా గడ్డం, ముక్కు, బుగ్గల ఎముకల తొడుగులు చేసి తగిలించారు. ఈ పనికో పరిమితి ఉంది. తొడుగు ముఖానికి కండ చేర్చగలదు గాని ఉన్నదాన్ని తగ్గించలేదు. కళ్లు, చూపు, గొంతు అస్సలు మార్చలేదు. అందుకే కథలో భవిష్యత్తుగా చూపించిన 2015 నాటి ముసలి జార్జ్ నడుం నొప్పి సాకుతో తలకిందులుగా వేలాడుతూ, నల్ల కళ్లద్దాలతో వస్తాడు. తలకిందులైన ముఖంలో కొలతల తేడా మన కంటికి చిక్కదు. మిగతాచోట్ల దూరం నుంచో, వెనక నుంచో తీసి, మధ్యమధ్యలో పాత సినిమాలోని అసలు గ్లోవర్ షాట్లు కలిపారు. చూసినవాళ్లు ఆయనే నటించాడనుకున్నారు. గ్లోవర్ ఫిర్యాదు సారాంశం కూడా ఇదే: వేరొకరిని పెట్టుకోండి, నన్ను నేనుగా చూపించి నమ్మించకండి.

పాత్ర మాదేనన్నది యూనివర్సల్ వాదన. పాత్ర మీదే, ముఖం ఆయనదన్నది గ్లోవర్ లాయర్ డగ్ కారీ జవాబు. ఈ స్టూడియోకి ఇలాంటి కేసు కొత్త కాదు. పాత సినిమాలో రక్తపిశాచి డ్రాక్యులాగా వేసిన నటుడు బేలా లుగోసీ రూపం మీద ఆయన వారసులు వేసిన దావాలో 1979లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు యూనివర్సల్ వైపే మొగ్గింది. అయితే లుగోసీ అప్పటికే చనిపోయాడు, గ్లోవర్ బతికున్నాడు. బతికున్నవాళ్ల పోలికకి రక్షణగా 1971 నుంచే ఆ రాష్ట్రంలో చట్టం ఉంది. రాజీకి స్టూడియో ఎందుకు ఒప్పుకుందో ఊహించడం కష్టం కాదు.

ముఖానికీ పాత్రకీ మధ్య గీత ఎక్కడన్న ప్రశ్న మీద కోర్టు మాట కావాలనుకునేవాళ్లు ‘చీర్స్’ కేసు చూడాలి. ‘చీర్స్’ అనే అమెరికన్ టీవీ సీరియల్ నటులు జార్జ్ వెంట్, జాన్ రాట్జెన్‌బర్గర్‌లని పోలిన రోబోలని విమానాశ్రయ బార్లలో కూర్చోబెట్టారు. పాత్రల హక్కులు ఉన్నంత మాత్రాన నటుల పోలిక మీద హక్కు రాదని, పోలిక సంగతి జ్యూరీ తేల్చాలని 1997లో అప్పీలు కోర్టు చెప్పింది. ఆ ఇద్దరూ క్యారెక్టర్ ఆర్టిస్టులే కావడం గమనించాలి. వాళ్లకి ముఖమే జీవనాధారం.

2023 జూలై 14 నుంచి 118 రోజులు సాగిన హాలీవుడ్ నటుల సమ్మె తర్వాత కుదిరిన ఒప్పందంలో అచ్చు స్థానంలో నటుడి రూపాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే స్కాన్ వచ్చింది. స్కాన్‌కి 48 గంటల ముందు చెప్పాలి, దేనికి వాడతారో స్పష్టంగా రాయాలి, ప్రధాన నటుల నకలుని మరో సినిమాలో వాడాలంటే మళ్లీ సమ్మతి తీసుకోవాలి. 1989లో గ్లోవర్‌కి లేనిది ఈ మూడోదే. వాడకం ఏమిటో వివరించకుండా, లాయరో యూనియనో లేకుండా రాయించుకున్న నకలు షరతు చెల్లదని కాలిఫోర్నియా 2024లో చట్టం కూడా చేసింది.

మన దగ్గర 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వులు తెచ్చుకున్నారు. అవి పేరు, ఫొటో, గొంతు వాడుకుని సొమ్ము చేసుకునే బయటివాళ్ల మీద. ఒకసారి స్కాన్ తీసుకున్న సొంత నిర్మాత దాన్ని రెండో భాగానికి వాడుకుంటే ఏమిటన్నది ఆ కేసుల్లోకి రాలేదు.