సైకిలు కనపడింది, ముఖం కనపడలేదు

బ్రాడీపేట, గుంటూరు

చిట్టితల్లికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

సైకిలు పోయిందని మీ నాన్న చెప్పగానే నాకూ మీ నానమ్మకీ చాలా బాధేసింది. కానీ ఆ తర్వాత నువ్వు ఫోను తీసుకుని అడిగిన ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. "తాతయ్యా, కెమెరాలో వాడు కనపడ్డాడు, సైకిలు కనపడింది, మరి ముఖం ఎందుకు కనపడలేదు? సినిమాల్లో పోలీసులు పెద్దది చేస్తే కనపడుతుంది కదా?" అన్నావు. మీ బెజవాడ అపార్ట్‌మెంటుకి కొత్త సీసీ కెమెరాలు కొనే పని మీ నాన్నకి అప్పజెప్పారట. ఇక్కడ మీ బాబాయి కూడా మిర్చి కొట్లో కెమెరాలు మార్చాలంటున్నాడు. ఫోన్లో తేలే సంగతి కాదని కాగితం తీశాను. తమ్ముడికి కూడా చదివి వినిపించు.

ముందు వంటింట్లోకి రండి. మీ నానమ్మ గరిటెడు దోసెల పిండి పెనం మీద పోసిందనుకో. తిప్పకుండా వదిలేస్తే చిన్నగా, మందంగా ఊతప్పం అవుతుంది. అదే గరిటెడు పిండిని పెనం అంచుల దాకా తిప్పితే పేపర్ దోసె అవుతుంది. దోసె పెద్దదైంది గానీ పిండి పెరగలేదు, పలచబడింది.

కెమెరా డబ్బా మీద రెండు మెగాపిక్సెల్, నాలుగు, ఎనిమిది అని రాసి ఉంటుంది చూడు, అది గరిట సైజు. రెండు మెగాపిక్సెల్ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20 లక్షల పైచిలుకు చుక్కలు. ఆ చుక్కల్ని ఎంత మేర పరచాలో లెన్సు చెబుతుంది. లెన్సు మీద 2.8 మిల్లీమీటర్లని ఉంటే వెడల్పుగా పరుస్తుంది, 6 అని ఉంటే ఇరుకుగా పరుస్తుంది. అంకె పెరిగేకొద్దీ చూసే మేర తగ్గి, చూసినది దగ్గరగా వస్తుంది.

మీ సెల్లారులో ఉన్నది 2 మెగాపిక్సెల్, 2.8 లెన్సు అని మీ నాన్న చెప్పాడు. సైకిళ్లు పెట్టే చోటు దానికి 20 అడుగుల దూరంలో ఉందట. అంత దూరంలో ఆ లెన్సు దాదాపు 50 అడుగుల వెడల్పు చూస్తుంది. 1920 చుక్కల్ని 50 అడుగులకి పంచితే అడుక్కి 38. మనిషి ముఖం అరడుగు వెడల్పు. అంటే వాడి ముఖానికి దక్కినవి అడ్డంగా 20 చుక్కలు కూడా లేవు! నీ గళ్ల నోటుపుస్తకంలో అడ్డంగా 20 గడులు తీసుకుని, ఒక్కో గడికి ఒకే రంగు వేస్తూ తమ్ముడి ముఖం గీసి చూడు. ముక్కుకి మూడు గడులు వస్తాయేమో. అది తమ్ముడే అని పక్కింటివాళ్లు చెప్పగలరా?

ముక్కూ మొహం తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మీటరుకి 250 చుక్కలన్నా పడాలని ఈ పనిలో ఉన్నవాళ్లు లెక్క వేసుకుంటారు. అంటే అడుక్కి 76. మీ కెమెరాకి అంత మందం పది అడుగుల లోపే దొరుకుతుంది. అదే కెమెరాకి 6 మిల్లీమీటర్ల లెన్సు వేసి ఉంటే 20 అడుగుల దగ్గర కూడా ముఖం పడేది. కాకపోతే సెల్లారు మొత్తం కాకుండా సైకిళ్ల చోటు ఒక్కటే కనపడేది.

పెద్దది చేస్తే రాదా అన్నావు. కాలిన దోసెని పట్టుకుని లాగితే పెద్దదవుతుందా? చిరుగుతుంది. పిండి పోసేటప్పుడు వేయని మందం తర్వాత ఎక్కడినుంచి వస్తుంది తల్లీ? సినిమాలో చూపించింది కథ కోసం.

అయితే పెద్ద గరిటె కొనేస్తే సరిపోదా? ఎనిమిది మెగాపిక్సెల్ గరిటె పెద్దదే. కానీ వేసిన దోసెలన్నీ ఒక డబ్బాలో పెట్టాలి కదా, అదే హార్డ్ డిస్కు. మామూలు రెండు మెగాపిక్సెల్ కెమెరా ఒకటి రోజంతా రికార్డు చేస్తే 20 జీబీ పైనే అవుతుంది. నాలుగు కెమెరాలకి ఒక టీబీ డిస్కు, అంటే వెయ్యి జీబీలది, 11 రోజులకి నిండిపోతుంది. గరిటె పెద్దదైతే ఇంకా ముందే నిండుతుంది. నిండాక అడుగున ఉన్న పాత దోసె తీసేసి కొత్తది పెడుతుంది. మా కొట్లో ఇలాగే ఒకసారి రెండు టిక్కీల మిర్చి, అంటే రెండు బస్తాలు, తక్కువైన సంగతి నెలాఖరు లెక్కల్లో గానీ తెలియలేదు. వెనక్కి వెళ్లి చూద్దామంటే ఆ రోజు ఎప్పుడో చెరిగిపోయింది. ఇంటికి పది రోజులు చాలు, వ్యాపారానికి నెల రోజులు ఉండాలని అప్పుడే తెలిసొచ్చింది.

ఇక పొయ్యి సంగతి. వెలుతురు లేని చోట ఎంత మంచి కెమెరా అయినా పచ్చి పిండే. తూర్పు గేటు వైపు తిప్పితే పొద్దున్నే ఎండ వెనకనుంచి కొట్టి వచ్చేవాళ్ల ముఖాలు నల్లగా పడతాయి, పెనం ఒక పక్క మాడి ఇంకో పక్క పచ్చిగా మిగిలినట్టు. అలాంటి చోటికి డబ్ల్యూడీఆర్ అని రాసి ఉన్నది కొనాలి. అది వెంటవెంటనే ఒక బొమ్మ తక్కువ వెలుతురుతో, ఒక బొమ్మ ఎక్కువ వెలుతురుతో తీసి రెండింటినీ కలుపుతుంది. చీకట్లో అయితే ఒక్కో బొమ్మకి కెమెరా ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచాలి. ఆలోగా మనిషి నడిచాడంటే అలుక్కుపోతాడు. మీ సైకిలు పోయింది రాత్రి కదా, ఉన్న ఆ 20 చుక్కలు కూడా అలా అలికేసి ఉంటాయి.

నాకు పదేళ్లప్పుడు ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్లో మిరప కళ్లం ఉండేది. కోసిన కాయలు ఎర్రటి దుప్పటి పరిచినట్టు ఎకరం మేర ఆరేవి. రాత్రుళ్లు మా నాన్న అక్కడే మంచం వేసుకుని పడుకునేవాడు. ఒక రాత్రి నన్నూ తీసుకెళ్లాడు. కళ్లం అంతా కనపడాలని నేను పక్కనున్న గడ్డివామి ఎక్కి కూర్చున్నాను. వెన్నెల్లో అంతా కనపడుతోంది, రాజులా ఉంది నా సంగతి. తెల్లవారుజామున ఎవరో వచ్చి ఒక గంప నింపుకుని వెళ్లిపోయారు. నేను చూశాను, కేకేశాను కూడా. ఎవరురా అని నాన్న అడిగితే నేను చెప్పగలిగింది ఒక్కటే, తలపాగా. పైనుంచి నాకు కనపడింది అదే మరి. నాన్న తిట్టలేదు. మర్నాడు నన్ను కళ్లం తడిక దగ్గర, దారి మొదట్లో కూర్చోబెట్టాడు. లాంతరు నా కళ్లకి ఎదురుగా పెట్టుకుంటే తీసి పక్కకి జరిపాడు. "కళ్లం నేను చూసుకుంటాలే, నువ్వు వచ్చేవాడి ముఖం చూడు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మీ నాన్నకి నేను చెప్పేదీ అదే. ఒకే కెమెరాతో కళ్లమూ ముఖమూ రెండూ అడగొద్దు. సెల్లారు అంతటికీ వెడల్పు లెన్సుది ఒకటి పెట్టండి. గేటు దగ్గర, అందరూ తప్పనిసరిగా నడిచే ఇరుకు చోట, ఏడెనిమిది అడుగుల ఎత్తులో ఇరుకు లెన్సుది ఇంకొకటి పెట్టండి. పన్నెండు అడుగుల పైన పెడితే మనిషి దగ్గరికొచ్చేసరికి నడినెత్తి తప్ప ఏమీ కనపడదు. ఈ ఎత్తు సంగతి అమెరికాలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సమ్మ ఎప్పుడో ఆలోచించింది. ఆమె డ్యూటీ వేళలూ భర్త డ్యూటీ వేళలూ వేరు, ఇంట్లో ఒక్కతే ఉండాల్సి వచ్చేది. 1966లో ఇద్దరూ కలిసి తలుపుకి కెమెరా పెట్టే ఏర్పాటుకి పేటెంటు అడిగారు, 1969లో వచ్చింది. తలుపుకి ఒకదాని కింద ఒకటి నాలుగు కన్నాలు, కెమెరా పైకీ కిందకీ జరుగుతుంది. పొడుగువాళ్లొచ్చినా మీలాంటి పిల్లలొచ్చినా ముఖమే కనపడాలి, అదీ ఆమె పట్టుదల.

గుండ్రటి డోమ్ కెమెరా మెట్ల దగ్గరకీ వరండాకీ బాగుంటుంది, పొడుగాటి బుల్లెట్ కెమెరా బయటికి. అటూఇటూ తిరిగే కెమెరా మీద నాకు నమ్మకం లేదు. దొంగ వచ్చే సమయానికి అది ఇంకోవైపు చూస్తుండొచ్చు. వైఫై కెమెరా అద్దె ఇంటికి సులువే గానీ మీ సెల్లారుకి తీగ లాగించుకోవడమే మేలు. ఒకే నెట్‌వర్క్ కేబుల్లో కరెంటూ బొమ్మా రెండూ 100 మీటర్ల దాకా వెళ్లే రకం ఉంది. కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడిచేలా చూడాలి. బాబాయి కొట్లో మిరప దుమ్ము కాబట్టి ఐపీ66 అని రాసి ఉన్నదే కావాలి. దుమ్ము చొరబడదు, నీళ్లు కొట్టినా ఏమీ కాదు.

పాస్‌వర్డు మాత్రం బిగించిన రోజే మార్చాలి. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము, కంపెనీ పెట్టిన పాస్‌వర్డు మార్చకుండా వదిలేసిన కెమెరాల్లాంటి నెట్ పరికరాలను లక్షల్లో పట్టేసుకుంది. ఇంటికి కాపలా ఉండాల్సినవి వేరేవాళ్ల మాట విన్నాయి! మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి కెమెరాలకి ఇలాంటి భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. కొనేటప్పుడు ఆ సర్టిఫికెట్ ఉందా అని అడగమను.

ఇంకో మాట. కెమెరా ఎదురింటివాళ్ల తలుపులోకి గానీ, వాచ్‌మన్ కుటుంబం ఉండే గదిలోకి గానీ చూడకూడదు. వాళ్లకి సెల్లారే ఇల్లు. స్నానానికి, వంటకి అక్కడే తిరుగుతారు. కెమెరా బిగించాక స్క్రీనులో ఏమేం కనపడుతోందో వాళ్లకి కూడా చూపించమని నాన్నకి నా మాటగా చెప్పు. సైకిలు పోయింది కదా అని వచ్చే పోయే పాలబ్బాయినీ పేపరబ్బాయినీ అనుమానంగా చూడకండి. ఎవరు తీశారో మనం చూడలేదు.

ఇప్పుడు నీకు రెండు పనులు. ఒకటి, గేటు నుంచి సైకిళ్ల చోటు దాకా, అక్కడినుంచి మెట్ల దాకా నీ అడుగులు లెక్కపెట్టి బొమ్మ గీసి పంపు. ఆ బొమ్మ చూశాక ఏ లెన్సు కొనాలో నేనూ నాన్నా మాట్లాడుకుంటాం.

రెండోది సాయంత్రం చెయ్యాలి. టీవీ రిమోట్ ముందు బల్బుని ఫోను సెల్ఫీ కెమెరాకి చూపించి బటన్ నొక్కు. నీ కంటికి ఏమీ కనపడదు, ఫోన్లో మాత్రం చిన్న వెలుగు మినుకుమంటుంది. ఆ కనపడని వెలుగు ఉందని 1800లో హెర్షెల్ అనే ఆయన కనిపెట్టాడు. గాజు ముక్కతో ఎండని రంగులుగా విడదీసి, ఎరుపు దాటాక ఏ రంగూ లేని చోట థర్మామీటరు పెడితే అది పైకి ఎక్కింది. మీ కెమెరా చుట్టూ ఉన్న బుల్లి బల్బులు రాత్రంతా ఆ వెలుగునే కురిపిస్తాయి. చీకటి పడే వేళ దాని కింద చప్పుడు చేయకుండా నిలబడు. పగలు ఆ వెలుగుని ఆపే చిన్న గాజు బిళ్ల లోపల పక్కకి జరుగుతుంది, టిక్‌మని వినపడుతుంది. అప్పుడు పైకి పరిగెత్తి స్క్రీను చూడు. రంగులన్నీ పోయి ఉంటాయి. గేటు పక్కన మీ అమ్మ పెంచే కరివేపాకు చెట్టు, మన బెజవాడలో ఎప్పుడూ కురవని మంచు దాని మీదే కురిసినట్టు తెల్లగా వెలుగుతుంటుంది. నల్ల చొక్కా వేసుకున్నవాళ్లు కూడా ఒక్కోసారి తెల్లగా కనపడతారు. ఆకులు ఆ వెలుగుని ఎందుకంతగా వెనక్కి కొడతాయో నువ్వే చూసి, నీకేమనిపించిందో నాకు రాయి.

టిక్ వినపడకపోతే, పక్కన బైకులేవీ స్టార్ట్ అవకుండా చూసి మర్నాడు మళ్లీ నిలబడండి. తమ్ముణ్ణి ఎత్తుకోకు, వాడు నవ్వుతాడు, చప్పుడు వినపడదు.

మీ
తాతయ్య