అడ్మిన్ అకౌంట్‌లో కాపురం పెట్టకండి

పిల్లలూ,

రేపో మాపో ఏదో ఒక నెట్‌వర్క్ అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేతికి వస్తుంది. అప్పటికల్లా ఈ ఉత్తరం మీరు చదివి ఉండాలని రాస్తున్నాను.

ఆ అకౌంట్‌తో పని చూసుకుని వెంటనే బయటికి వచ్చేయండి, అందులోనే కూర్చుని మెయిల్ చదవడం, బ్రౌజర్ తెరవడం వద్దేవద్దు. మీరు నొక్కిన ఫైల్‌లో వైరస్ ఉంటే అది మీకున్న హక్కులతోనే నడుస్తుంది, మామూలు యూజర్‌గా ఉంటే నష్టం చాలావరకు మీ ఫైళ్లతో ఆగుతుంది, అడ్మిన్‌గా ఉంటే సిస్టమ్ మొత్తం దాని చేతికి పోతుంది. అందుకే ప్రతి అడ్మిన్‌కీ రెండు అకౌంట్లు ఉండాలి, రోజువారీ పనికి ఒకటి, అడ్మిన్ పనికి మరొకటి. లైనక్స్‌లో అయితే అన్ని హక్కులూ ఉన్న రూట్ అకౌంట్‌తో నేరుగా లాగిన్ అవ్వకుండా, మీ అకౌంట్‌లోంచే అడ్మిన్ కమాండ్ నడిపించే సుడో వాడండి, ఏ కమాండ్ ఎవరు ఇచ్చారో లాగ్‌లో పేరుతో సహా ఉంటుంది. నలుగురూ ఒకే పాస్‌వర్డ్ పంచుకుంటే ఆ ఆధారం పోతుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఒకరి కంప్యూటర్‌లో ప్రింటర్ రావట్లేదంటే వెళ్లి, డొమైన్ అడ్మిన్‌గా, అంటే ఆఫీసు నెట్‌వర్క్ మొత్తం మీద హక్కున్న అకౌంట్‌తో లాగిన్ అయి, డ్రైవర్ వేసి, హడావిడిలో లాగౌట్ చేయకుండానే వచ్చేశాను. అలా వదిలేస్తే పాస్‌వర్డ్ తాలూకు హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన కోడ్) ఆ మెషీన్ మెమరీలో ఉండిపోతుంది, అక్కడ లోకల్ అడ్మిన్ హక్కు సంపాదించినవాడు దాన్ని బయటికి లాగితే చాలు, అసలు పాస్‌వర్డ్ తెలియకపోయినా మిగతా సర్వర్లలోకి దూరగలడు. గుర్తొచ్చాక ఆ రాత్రి పడిన టెన్షన్ ఇంతా అంతా కాదు. పాస్‌వర్డ్ మార్చేదాకా కుర్చీలోంచి లేవలేదు.

కొత్త రౌటర్, కెమెరా ఏది బిగించినా కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ ముందు మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ అలాంటి 60కి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు ప్రయత్నిస్తూనే లక్షల పరికరాల్లోకి దూరింది.

పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా దాని ఒక్కదాని మీదే భరోసా పెట్టుకోకండి. 2021లో అమెరికాలో పెట్రోల్, డీజిల్ మోసే కలోనియల్ పైప్‌లైన్ సైబర్ దాడితో రోజుల తరబడి ఆగిపోయింది, దొంగలు లోపలికి వచ్చిన దారి బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రావడానికి పెట్టిన, ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ అకౌంట్. దానికి పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ లాంటి రెండో వెరిఫికేషన్ లేదు. ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఆ రోజే వాళ్ల అకౌంట్ ఆపేయండి.

ఈ వారం తీరిక చేసుకుని మీ అడ్మిన్ గ్రూప్ తెరిచి, అందులో ఉన్న పేర్లన్నీ చదవండి. ఫలానా పేరు ఎందుకుందో ఎవరూ చెప్పలేకపోతే నాకు ఫోన్ చేయండి, కలిసి చూద్దాం.

ఉంటాను,
మీ బాబాయి