వెడల్పు స్కీకి ఇరుకు బ్రేకు

మంచు మీద జారే స్కీలను ఇంట్లోనే తయారు చేసుకునేవాళ్లకు అసలు చిక్కు పనంతా అయ్యాక వస్తుంది. చెక్క, ఫైబర్‌గ్లాస్, ఎపాక్సీ అన్నీ చక్కగా అతుక్కుని స్కీ సిద్ధమవుతుంది. తీరా బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ బిగించబోతే, ఊడిన స్కీని ఆపడానికి దానికుండే బ్రేకు సరిపోదు. స్కీకి రెండు పక్కల నుంచీ కిందికి దిగాల్సిన కడ్డీలు దాని వీపు మీదే ఆగిపోతాయి.

బ్రేకు స్కీతో పాటు పుట్టింది కాదు. మొదట్లో బూటు స్కీకి గట్టిగా బిగిసి ఉండేది; పడితే కాలు విరిగేది. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన యాల్మార్ వామ్ 1937లో అలాగే కాలు విరగ్గొట్టుకున్నాడు. పడినప్పుడు బూటును వదిలేసే బైండింగ్‌కు 1939లో పేటెంటు తీసుకున్నాడు. దాంతో కాలికి రక్షణ దొరికింది గానీ, ఊడిన స్కీ వాలు మీద బాణంలా దూసుకుపోయి కింద ఉన్నవాళ్లకు తగలడం మొదలైంది. స్కీని కాలికి పట్టీతో కట్టారు. అప్పుడు పడ్డవాడి చుట్టూనే అది గిరగిరా తిరిగి, ఉక్కు అంచులతో కోసేది.

ఆ తర్వాత వచ్చిందే బ్రేకు. ముందుగా దాన్ని తెచ్చినవాళ్లలో అమెరికాలోని యూటాకు చెందిన ఎర్ల్ మిల్లర్ ఒకరు. 1970ల చివరికల్లా పట్టీల వాడకం బాగా తగ్గింది. బూటు నొక్కినంతసేపు కడ్డీలు పైకి ముడుచుకుని ఉంటాయి, బూటు ఊడగానే స్ప్రింగు వాటిని మంచులోకి దింపుతుంది. అప్పటి స్కీల నడుము, అంటే పాదం కింది భాగం, వెడల్పు 70 మి.మీ. అటూ ఇటూ కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు.

1980ల చివర అటామిక్ కంపెనీ లోతైన పొడిమంచు కోసం వెడల్పాటి ‘పౌడర్ ప్లస్’ స్కీ తెచ్చింది. అసలు మలుపు తిప్పింది స్కీయర్ షేన్ మెకాంకీ. నీళ్ల మీద ఆడే స్కీలకు బైండింగ్‌లు బిగించి అలాస్కా కొండలు దిగిన మనిషి! అతని ఆలోచనతో 2002లో వచ్చిన వోలాంట్ కంపెనీ స్కీ ‘స్పాచులా’ పాదం కింద 125 మి.మీ. ఉండేది. అంత వెడల్పుకు సరిపడే బ్రేకులు అప్పట్లో దొరకడమే కష్టం. అందుకే కడ్డీలు వంచడం మామూలైపోయింది. ఇప్పుడు 130 మి.మీ. బ్రేకులు విడిగా దొరుకుతున్నా, సొంతంగా చేసుకునేవాళ్లు 140 కూడా దాటుతున్నారు.

బ్రేకును బైండింగ్ నుంచి విప్పి, కడ్డీని వైస్‌లో బిగించి, ఇనుప గొట్టం తొడిగి మెల్లగా వంచుతారు. మంట పెడితే ఉక్కు బిగువు పోతుంది, పక్కనున్న ప్లాస్టిక్కూ కరుగుతుంది. ఒక్క వంపు చాలదు: బయటికి వంచాక మళ్లీ స్కీకి సమాంతరంగా తిప్పాలి. లేదంటే కడ్డీ పక్కకు పొడుచుకొచ్చి, స్కీ ఒరిగినప్పుడు మంచును గీరుతుంది, రెండో స్కీకి తగులుకుంటుంది.

బ్రేకులకు ఐఎస్‌ఓ 11087 అనే ప్రమాణం ఉంది. పరీక్ష పాసైంది వంచని కడ్డీయే కాబట్టి, వంచిన బ్రేకును దుకాణాలు ముట్టుకోకపోతే తప్పుపట్టలేం. ఇంత తలనొప్పెందుకని కొందరు బ్రేకు పీకేసి మళ్లీ పట్టీకే వెళ్తున్నారు. లోతైన మంచులో స్కీ పోగొట్టుకోకుండా ఉండటానికి అది పనికొస్తుంది. కానీ మంచుచరియలు విరిగిపడితే కాలికి కట్టిన ఆ స్కీయే మనిషిని లోపలికి లాగుతుంది.