తలకాయ పోయిన స్క్రూ

అనంతపురంలో మా నాన్న చాలా ఏళ్లు నడిపిన వంద సీసీ బండికి క్లచ్ ప్లేట్లు మార్చాల్సి వచ్చింది. ఇంజిన్ ఆయిల్ దించేసి, క్లచ్ కవర్ చుట్టూ ఉన్న స్క్రూలు ఒక్కొక్కటే విప్పుతూ వచ్చాను. ఒకటి తప్ప అన్నీ వచ్చేశాయి. కింది మూలనున్న ఆ ఒక్కటి మాత్రం కదల్లేదు. స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి బలమంతా పెట్టి తిప్పాను. కర్రుమని జారింది. మళ్లీ తిప్పాను, మళ్లీ జారింది. మూడోసారికి తలలోని ప్లస్ గాడి పోయి గుండ్రటి గుంట మిగిలింది.

"మొదటి తూరి జారినప్పుడే ఆపాల్సిందప్పా" అన్నాడు బండి చూసిన పెద్ద మెకానిక్.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. స్టార్ స్క్రూ గాడి గోడలు నిట్టనిలువుగా ఉండవు, లోపలికి పోయేకొద్దీ దగ్గరవుతాయి. అందువల్ల మనం తిప్పే బలంలో కొంత భాగం స్క్రూడ్రైవర్‌నే పైకి నెడుతుంది. మన చెయ్యి కిందికి నొక్కే బలం అంతకంటే తగ్గిందంటే మొన పైకెక్కి గాడి అంచును గీరేస్తుంది. గీరిన అంచు ఇంకాస్త వాలుగా తయారవుతుంది కాబట్టి రెండోసారి మరింత తేలిగ్గా జారుతుంది. అంటే జారిన ప్రతిసారీ పని మరింత చెడుతుంది.

ఇందులో ఇంకో చిక్కుంది. మనం స్టార్ అనే గాడి ఒక్కటి కాదు. హెన్రీ ఫిలిప్స్ అనే అమెరికన్ 1936లో పేటెంట్లు పొందిన రకం ఒకటి, జపాన్ ప్రమాణం 'జిస్' ప్రకారం చేసేది ఇంకొకటి. చూపుకు కవల పిల్లల్లా ఉంటాయి. 1980ల్లో జపాన్ కంపెనీల భాగస్వామ్యంతో మన దేశంలో బళ్లు తయారవడం మొదలైనప్పుడు జపాన్ రకం స్క్రూలూ వాటితో పాటే వచ్చాయి. తల మీద చిన్న చుక్క గుంట కనిపిస్తే అది జపాన్ రకమే అనుకోవచ్చు. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ అందులో అడుగుదాకా కూర్చోదు, పైపైన పట్టుకుని అంచుల్ని తినేస్తుంది. పాత బండి విప్పేవాళ్లు జిస్ డ్రైవర్ ఒకటి కొని పెట్టుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

సరే, గాడి పోయింది. అసలు అంత చిన్న స్క్రూ అంత మొండిగా ఎందుకు పట్టుకుంటుంది? బిగించిన స్క్రూ నిజానికి సాగదీసిన స్ప్రింగు. ఆరు మిల్లీమీటర్ల కవర్ స్క్రూను మామూలుగా 9, 10 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలంతో బిగిస్తారు. అంత బిగిస్తే స్క్రూ సుమారు ఒక వెంట్రుక మందమంత సాగుతుంది. ఆ సాగుడు వల్ల కవర్‌ను ఇంజిన్‌కేసి నొక్కే బలం దాదాపు ఏడెనిమిది క్వింటాళ్ల బరువంత ఉంటుంది. ఒక్కో స్క్రూకు అంత! ఇక మనం తిప్పే శ్రమ ఎటు పోతుందో చూడండి. వందలో సుమారు యాభై వంతులు తల కింది రాపిడికే ఖర్చవుతాయి, నలభై మరల్లోని, అంటే స్క్రూ ఒంటి చుట్టూ ఉండే మెలికల్లోని, రాపిడికి పోతాయి, మిగిలిన పదే స్క్రూను సాగదీస్తాయి. ఈ లెక్క గుర్తుంచుకోండి, కాసేపట్లో అక్కరకొస్తుంది.

మెకానిక్ ముందుగా మరల్లోకి దిగే పల్చటి నూనె కొట్టి ఓ గంట వదిలేశాడు. సందు ఎంత సన్నగా ఉంటే నూనె అంత బాగా లోపలికి పాకుతుంది, ఒత్తి కిరసనాయిలును పైకి లాగినట్టు. తర్వాత స్క్రూ చుట్టూ హాట్ గన్‌తో వేడి చేశాడు (పెట్రోల్ ట్యాంకు అప్పటికే తీసి దూరంగా పెట్టాడు, మంట జోలికి మాత్రం పోలేదు). ఇంజిన్ అల్యూమినియం, స్క్రూ ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. వంద డిగ్రీలు పెరిగితే ఆరు మిల్లీమీటర్ల రంధ్రం, స్క్రూ కంటే మిల్లీమీటరులో వెయ్యికి ఆరేడు వంతులు ఎక్కువ పెద్దదవుతుంది. వెంట్రుకలో పదో వంతు. అంతే అయినా మరల్లో పట్టేసిన తుప్పు పొర చిట్లడానికి కొన్నిసార్లు అది చాలు.

ఆ తర్వాత ఇంపాక్ట్ డ్రైవర్. దాని నెత్తిన సుత్తితో కొడితే మొన కిందికి నొక్కుకుంటూనే కాస్త తిరుగుతుంది. అరకిలో సుత్తి సెకనుకు ఐదు మీటర్ల వేగంతో వచ్చి సెకనులో వెయ్యోవంతులో ఆగిపోతే, ఆ క్షణంలో పడే సగటు బలం 250 కిలోల బరువుతో సమానం. మన మణికట్టు ఎంత నొక్కినా అందులో పదో వంతు చాలా కష్టం. మొన పైకెక్కడానికి సందే దొరకదు. నేను మూడుసార్లు జార్చక ముందు ఈ పనిముట్టు వాడి ఉంటే స్క్రూ ఒకటి రెండు దెబ్బలకే కదిలేదేమో. ఇప్పుడు మాత్రం పట్టుకోవడానికి గాడే లేదు.

చివరికి డ్రిల్ తీశాడు. సెంటర్ పంచ్‌తో తల నడిమధ్య గుర్తు కొట్టి, మొదట సన్న బిట్, తర్వాత స్క్రూ కాడ కంటే కాస్త లావు బిట్ పెట్టాడు. ఇంజిన్‌లోకి రజను పోకుండా చుట్టూ గుడ్డ కుక్కాడు. కొద్దిసేపటికి స్క్రూ తల ఉంగరంలా ఊడి బిట్‌కు చుట్టుకుని పైకొచ్చింది. ఆ వెంటనే కవర్ తేలిగ్గా వచ్చేసింది, తల లేని కాడ ఒకటి బయటికి పొడుచుకుని మిగిలింది. ఇక దీంతో యుద్ధమే అనుకుని నేను టెన్షన్ పడుతున్నాను. ఆయన వైస్ గ్రిప్‌తో పట్టుకుని అర చుట్టు తిప్పాడు, మిగతాది వేళ్లతోనే విప్పేశాడు!

ఇందాకటి లెక్క ఇక్కడే అక్కరకొచ్చింది. తల ఊడగానే తల కింది రాపిడి మొత్తం పోయింది. స్క్రూ సాగుడు కూడా సడలింది కాబట్టి మరలు ఒకదాన్నొకటి నొక్కుకునే బలమూ పోయింది. క్వింటాళ్ల పట్టు పోయాక మిగిలింది ఆ కాస్త తుప్పే.

బయటికొచ్చిన కాడ మరల్లో తెల్లటి పొడి ఉంది. అది ఇనుప తుప్పు కాదు, అల్యూమినియం తుప్పు. ఉక్కు, అల్యూమినియం తాకుతూ ఉన్నచోట ఉప్పు నీళ్లు చేరితే చిన్న బ్యాటరీలాంటిది తయారై, అందులో అల్యూమినియం కరిగిపోతుంది. కరిగి ఏర్పడే పొడికి అసలు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే మరల సందుల్లో చీలలా బిగుసుకుంటుంది. మేం బండి కడిగేది బోరు నీళ్లతోనే. బకెట్ అంచున తెల్లటి పొర కట్టే ఆ నీళ్లు ఇంజిన్ కింది మూలలో చేరి, సైలెన్సర్ వేడికి ఆరి, ఉప్పు మిగిల్చి పోతాయి. మొండికేసిన స్క్రూ సరిగ్గా ఆ మూలదే.

కొత్తగా అలెన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి, L ఆకారపు అలెన్ కీతో తిప్పేవి) వేశాం. మరలకు కొద్దిగా గ్రీజు రాశాం. అలెన్ కీ జారదు కాబట్టి ఎంత బలమైనా పెట్టొచ్చనిపిస్తుంది. అప్పుడు పోయేది బోల్టు తల కాదు, ఇంజిన్‌లోని అల్యూమినియం మర. పైగా గ్రీజు రాసిన మరలో రాపిడి తక్కువ, అదే శ్రమకు బోల్టు ఎక్కువ సాగుతుంది. అందుకే మెకానిక్ అలెన్ కీ పొడుగు కొసను రంధ్రంలో దూర్చి, పొట్టి కొసను రెండు వేళ్లతో పట్టుకుని, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ ఒక్కో బోల్టు కొంచెం కొంచెంగా బిగించాడు.