బుగ్గకు తెలిసేది వేలికి తెలియదు

నేను అల్లిన మొదటి పసిపిల్లల దుప్పటి ఇప్పుడు మా వంటింట్లో వేడి గిన్నెల కింద పరుచుకునే గుడ్డగా పనికొస్తోంది. అసలు ఉన్నితో అల్లాను. లేబుల్ మీద 'చేత్తో మాత్రమే ఉతకాలి' అని స్పష్టంగానే ఉంది. బాబు పాలు కక్కాడు. ఎవరో దాన్ని పొత్తిగుడ్డలతో కలిపి మెషీన్‌లో, వేడినీళ్లలో వేశారు. బయటికి వచ్చేసరికి సగానికి సగం కుంచించుకుపోయి, మందంగా అట్టకట్టేసింది. వేసినవాళ్లని ఏమీ అనలేదు. రోజంతా గుడ్డలు మార్చడమే పనిగా ఉన్న ఇంట్లో లేబుల్ చదివే తీరిక ఎవరికుంటుంది? తప్పు దారం ఎంచుకున్న నాదే.

అలా ఎందుకయిందో తెలుసుకోవాలంటే మీ తల వెంట్రుక ఒకటి చాలు. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, పొడవు వెంబడి వేళ్లని ముందుకీ వెనక్కీ రుద్దండి. వెంట్రుక ఒకవైపుకే, కుదురున్న వైపుకే పాకుతుంది. ఈతచెట్టు మానుకి కొట్టేసిన మట్టల మొదళ్లు పైకి తిరిగి ఉన్నట్టు, వెంట్రుక మీద పొలుసులన్నీ కొసవైపు తిరిగి ఉంటాయి. గొర్రె వెంట్రుకా అంతే. వేడి, తడి, కుదుపు మూడూ కలిస్తే వేల వెంట్రుకలు ఒకదాన్లోంచి ఒకటి ముందుకే జరుగుతాయి, వెనక్కి రావు. ఉన్ని అట్టకట్టడమంటే ఇదే. దీనికి విరుగుడుగానే 'సూపర్‌వాష్' ఉన్ని వచ్చింది. క్లోరిన్‌తో పొలుసుల అంచులు అరగదీసి, పైన అతి పల్చని పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పూత వేస్తారు. ఈ పద్ధతి రూపుదిద్దుకోవడంలో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ పాత్ర పెద్దది. 'సూపర్‌వాష్' అని లేబుల్ మీద లేని ఉన్నిని పసిపిల్లలున్న ఇంటికి పంపకండి. సూపర్‌వాష్ అయినా ఎంజైములున్న సబ్బుపొడి వాడొద్దు. గుడ్డు మరకని కరిగించే ఎంజైముకి ఉన్ని కూడా ప్రోటీనే.

ఇక మెత్తదనం సంగతి. కోఠిలో ఊలు దుకాణానికి వెళ్లి చూడండి, అందరూ దారపు ఉండని వేళ్లతో నొక్కి చూస్తారు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. అరచేతి చర్మం, వేలికొసల చర్మం మందం. ఉన్ని గుచ్చుకోవడం అక్కడ తెలియదు. మెడ మీదో, బుగ్గ మీదో, మోచేతి మడతలోనో ఆనించి ఒక నిమిషం ఉంచితే తెలుస్తుంది.

గుచ్చుకునేది ఏమిటంటే, దారంలోంచి బయటికి పొడుచుకొచ్చిన పీచుల కొసలు. సన్నటి కొస చర్మానికి తగలగానే వంగిపోతుంది. లావుపాటిది వంగకుండా నొక్కుతుంది, దాని కింద ఉన్న నరాల కొసలు ఆ నొక్కుడుని చురుకుగా పసిగడతాయి. సుమారు 30 మైక్రాన్లు దాటిన పీచులు నూటికి ఐదు ఉన్నా చాలు, చాలామందికి దురద మొదలవుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 'నాకు ఉన్ని పడదండీ' అనేవాళ్లలో ఎక్కువమందికి ఉన్నది అలర్జీ కాదు, ఈ గుచ్చుకోవడమే. పీచు బిరుసుదనం దాని మందానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. 20 మైక్రాన్ల పీచుతో పోలిస్తే 40 మైక్రాన్లది పదహారు రెట్లు మొండిది. మెరినో ఉన్ని సాధారణంగా 20 మైక్రాన్లకి అటూ ఇటూ ఉంటుంది. మన దక్కనీ గొర్రె ఉన్ని ముతక. కురుమలు దానితో నేసిన గొంగడి వానకీ చలికీ కాపరిని కాస్తుంది, కానీ దాన్ని పసిబిడ్డ బుగ్గకి ఆనించే సాహసం ఎవరూ చెయ్యరు.

మన దుకాణాల్లో 'ఊలు' అని అడిగితే ఇచ్చేది చాలాసార్లు అసలు ఊలే కాదు, యాక్రిలిక్. పెట్రోలియం నుంచి వచ్చే ప్లాస్టిక్ పీచు. చవక, రంగులు బోలెడు, మెషీన్‌లో వేసినా కుంచించుకుపోదు. అందుకే చాలామంది అదే కొంటారు, అందులో తప్పేమీ లేదు. నాకున్న అభ్యంతరాలు రెండు. ఒకటి చెమట. పత్తి మామూలు గాలిలోంచి తన బరువులో ఇంచుమించు 8 శాతం తేమ పట్టుకుంటుంది, ఉన్ని 16 దాకా పడుతుంది, యాక్రిలిక్ రెండు శాతానికి మించదు. మన ఎండల్లో ఆ తేడా పాప వీపు మీద తెలుస్తుంది. రెండోది నిప్పు. ఒకసారి 'మిల్క్ కాటన్' అని అమ్మిన ఉండలోంచి బెత్తెడు దారం తెంపి, సింకు మీద పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించాను. అచ్చమైన నూలయితే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలాలి, ఉన్నయితే జుట్టు కాలిన కంపు రావాలి. దీని చివర మాత్రం నల్లటి గట్టి పూస ఒకటి మిగిలింది. అంటే అందులో ప్లాస్టిక్ పీచు కలిసింది. కరిగినప్పుడు అలాంటిది చర్మానికి అంటుకుంటుంది.

వెదురు దారం గురించి ఒక్క మాట చాలు. వెదురు గుజ్జుని రసాయనాల్లో కరిగించి తీసిన విస్కోస్ అది. పట్టులా జారుతుంది గానీ తడిస్తే బలహీనపడుతుంది, రోజూ ఉతికే వస్తువుకి అది సరిపడదు.

నా ఓటు పత్తికే. తడిస్తే బలం పెరిగే పీచు అది, బండకేసి బాదినా తట్టుకునేది అందుకే. అయితే ఏ పత్తి అన్నది చూసుకోవాలి. లేబుల్ మీద 'కోంబ్డ్' అని ఉందేమో వెతకండి. దువ్విన నూలు అన్నమాట. పొట్టి పీచులు ఏరేసి, పొడవువి ఒకవైపుకి సాఫు చేసి వడుకుతారు. బయటికి పొడుచుకొచ్చే కొసలు తగ్గుతాయి, ఉతికినకొద్దీ ఉండలు కట్టడమూ తగ్గుతుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. మిల్లు దువ్వెనలూ పీచుని సాఫు చెయ్యడానికే. పత్తికి లోపాలు లేకపోలేదు. బరువెక్కువ, సాగదు. పెద్ద దుప్పటి అల్లితే మణికట్టు నొప్పెడుతుంది.

పైగా కొత్త నూలు దుకాణంలో యాక్రిలిక్ అంత మెత్తగా అనిపించదు. ఇక్కడే చాలామంది మోసపోతారు. దుకాణంలో చేతికి తగిలే ఆ జారుడులో కొంత మిల్లులో పూసిన సాఫ్ట్‌నర్‌ది, అది నాలుగు ఉతుకుల్లో పోతుంది. నూలు దీనికి తిరగేసి. మన అమ్మమ్మలు పుట్టిన బిడ్డకి కొత్త గుడ్డ వెయ్యనిచ్చేవాళ్లు కాదు, ఉతికి ఉతికి అరిగిన పాత చీరే కావాలనేవాళ్లు. ఒక్కో ఉతుకుకీ గంజి పోయి, పోగుల బిగువు సడలి, గుడ్డ వంగడం నేర్చుకుంటుంది.

అల్లికలో రంధ్రాలు పాప కాలివేలు దూరేంత పెద్దవి వద్దు, లోపలివైపు పొడుగు దారాలు వేలాడనివ్వద్దు. వేలికి దారం చుట్టుకుని రక్తం ఆగిపోయిన కేసులు వైద్యులకి తెలిసినవే. ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయే పక్కలో వదులు దుప్పటి వద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. మనం అల్లేది ఒళ్లో ఎత్తుకున్నప్పుడు చుట్టడానికి, మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరచడానికి.

మా చెల్లికి ఇప్పుడు ఏడో నెల. ఈసారి లేత పసుపు కోంబ్డ్ నూలు తెచ్చి, ముందు 15 సెంటీమీటర్ల ముక్క అల్లాను. మిగతా బట్టలతోపాటే ఆరుసార్లు మెషీన్‌లో వేశాను, ఎవరికీ ఏ జాగ్రత్తా చెప్పకుండా. టేపు పెట్టి కొలిస్తే 14 దగ్గర ఆగింది. బుగ్గకి ఆనించుకుంటే కొత్తలో కంటే మెత్తగా ఉంది. దుప్పటి 75 సెంటీమీటర్లు ఉండాలి. 80కి లెక్కేసి కుట్లు ఎక్కించాను.