కిలో ఓమ్‌లు చెప్పని సంగతి

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది పికప్. తీగలు ఆగే బ్రిడ్జి పక్కన ఉండే బ్రిడ్జి పికప్‌ను కొత్తది కొనాలని చూసేవాళ్లకు ముందుగా ఎదురయ్యే అంకె కిలో ఓమ్‌లది. ఒకదాని పెట్టె మీద 8 అని ఉంటుంది, మరోదాని మీద 16. రెండోది రెట్టింపు గట్టిగా మోగుతుందని చాలామంది అనుకుంటారు. ఆ భ్రమ పోగొట్టడానికి అమ్మేవాళ్లు పెద్దగా తొందరపడరు. నిజానికి ఆ అంకె చెప్పేది లోపలి రాగి వైరు విద్యుత్ నిరోధం ఎంతో, అంతే. వైరును కాస్త సన్నది వాడితే ఒక్క చుట్టు కూడా పెంచకుండానే ఓమ్‌లు పెరుగుతాయి. గది పది డిగ్రీలు వేడెక్కినా రాగి నిరోధం సుమారు 4 శాతం పెరిగి 8 కాస్తా 8.3 అవుతుంది, చెవికి మాత్రం ఏ తేడా తెలియదు. ఓమ్‌లు చూసి పికప్ ధ్వనిని ఊహించడం, గాయకుడి ఎత్తు కొలిచి గొంతు ఎలా ఉంటుందో చెప్పడం లాంటిది.

మరి దేన్ని చూడాలి? ముందు పికప్ పని సంగతి. అయస్కాంతం, దాని చుట్టూ కొన్ని వేల చుట్ల సన్నని రాగి వైరు: స్థూలంగా ఇంతే దాని నిర్మాణం. పైనున్న ఉక్కు తీగ ఆ అయస్కాంతం ప్రభావంతో తానూ కొంత అయస్కాంతమవుతుంది. అది కంపించినప్పుడు చుట్ల గుండా వెళ్లే అయస్కాంత అభివాహం మారుతుంది. ఫారడే 1831లో కనుగొన్న సూత్రం ప్రకారం అక్కడ వోల్టేజీ పుడుతుంది.

బ్రిడ్జి పికప్ ఉండే చోటే దాని స్వభావాన్ని సగం తేల్చేస్తుంది. తీగ కదలకుండా ఆగిపోయే కొసకు కొద్ది సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది అది. అక్కడ తీగ ఊపు తక్కువ. అందులోనూ మూలస్వరం ఊపు మరీ తక్కువగా ఉండి, పై ఉపస్వరాల (హార్మోనిక్‌ల) వాటా ఎక్కువగా వినిపిస్తుంది. బ్రిడ్జి పికప్ పదునుగా, కొంచెం పలుచగా పలకడానికి కారణం ఇదే. ఈ లోటు పూడ్చడానికే చాలామంది తయారీదారులు మెడ దగ్గరి పికప్ కంటే దీనికి ఎక్కువ చుట్లు వేస్తారు. ఫెండర్ కంపెనీ గిటార్ స్ట్రాటోకాస్టర్‌లో దీన్ని ఏటవాలుగా అమర్చి, సన్న తీగల వైపు కొసను బ్రిడ్జికి మరింత దగ్గర చేశారు. కుడిచేతి వాటం గిటార్‌ను తిరగేసి, తీగలను ఎడమచేతి వరుసలో మళ్లీ కట్టి వాయించిన జిమీ హెండ్రిక్స్ దగ్గర ఆ ఏటవాలు తారుమారై, లావు తీగలే బ్రిడ్జికి దగ్గరయ్యాయి. ఏ పికప్ కొన్నా ఈ స్థలమహిమ మారదు. మెడ పికప్ మాధుర్యాన్ని బ్రిడ్జి దగ్గర వెతికేవాళ్లకు ఎంత ఖరీదైన సరుకైనా నిరాశే మిగులుస్తుంది.

మనం నిజంగా మార్చగలిగేది అనునాదాన్ని. కాయిల్‌కు (వైరు చుట్లకు) ప్రేరకత్వం, అంటే ఇండక్టెన్స్ ఉంటుంది. దాన్ని హెన్రీలలో కొలుస్తారు. గిటార్ నుంచి ఆంప్లిఫైయర్‌కు వెళ్లే కేబుల్‌కు కెపాసిటెన్స్ ఉంటుంది, మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌లు. ఈ రెండూ కలిసి ఒక అనునాద వలయం అవుతాయి. ఆ అనునాద పౌనఃపున్యం దగ్గర ధ్వని కాస్త ఉబ్బుతుంది, దాన్ని దాటాక వేగంగా పడిపోతుంది. కేబుల్‌దీ కాయిల్‌దీ కలిపి మొత్తం 600 పికోఫారడ్‌లు అనుకుందాం. పాత స్ట్రాటోకాస్టర్ తరహా 2.4 హెన్రీల సింగిల్ కాయిల్‌కు, అంటే ఒకే కాయిల్ ఉన్న పికప్‌కు, ఆ శిఖరం దాదాపు 4,200 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. 4.5 హెన్రీల మామూలు హంబకర్‌కు (రెండు కాయిల్‌ల పికప్‌కు) 3,000 దగ్గర. చుట్లు దట్టించిన 8 హెన్రీల పికప్‌కు 2,300 దగ్గర. మన చెవి చాలా చురుగ్గా ఉండే ప్రాంతం కూడా ఇంచుమించు ఇదే కాబట్టి శిఖరం కొంచెం జరిగినా గిటార్ స్వభావమే మారినట్టు అనిపిస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చుట్లు పెంచితే వోల్టేజీ ఇంచుమించు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, కానీ ప్రేరకత్వం దాదాపు వర్గంలో పెరుగుతుంది. అంటే బలం కోసం చెల్లించే మూల్యం మెరుపు. చుట్లు దట్టించిన 'హాట్' పికప్‌లు గట్టిగా ఉంటూనే మందంగా వినిపించడం ఇందుకే. వాల్వ్ ఆంప్లిఫైయర్‌ను గట్టిగా నెట్టి డిస్టార్షన్ రాబట్టాల్సిన రోజుల్లో ఆ బేరం గిట్టుబాటయింది. డిమార్జియో కంపెనీ 1972లో తెచ్చిన పికప్ పేరే సూపర్ డిస్టార్షన్. ఇప్పుడు గెయిన్‌కు, అంటే సంకేతాన్ని పెంచే శక్తికి కొదువ లేదు. కేవలం బలం కోసం పికప్ మార్చడం నాకు దండగ ఖర్చులాగే తోస్తుంది. బ్రిడ్జి ధ్వని చెవిలో గుచ్చుకుంటోందనుకోండి, అప్పుడు ఎక్కువ హెన్రీలు అర్థవంతమైన మందు. ఇప్పటికే మసకగా ఉంటే తక్కువ హెన్రీల వైపు వెళ్లాలి.

వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది పాట్‌లు (తిప్పితే నిరోధం మారే భాగాలు) కూడా ఆ శిఖరాన్ని అణుస్తాయి. సింగిల్ కాయిల్‌లకు 250 కిలో ఓమ్‌లవి, హంబకర్‌లకు 500వి వాడటం ఆనవాయితీ. సింగిల్ కాయిల్‌ల గిటార్‌లో హంబకర్ పెట్టి పాత 250 పాట్‌లను అలాగే వదిలేస్తే ధ్వని మొద్దుబారుతుంది, నింద కొత్త పికప్ మీద పడుతుంది.

అయస్కాంతం గురించి జరిగినంత వాదన మరి దేని గురించీ జరగదు. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన ఆల్నికో అయస్కాంతాల్లో ఆల్నికో 2 కంటే ఆల్నికో 5 బలమైనది, నిజమే. అయితే సెరామిక్ అయస్కాంతానికి అంటుకున్న 'కరకు' అన్న పేరులో కొంత అన్యాయం ఉంది. దాన్ని తరచుగా చుట్లు దట్టించిన పికప్‌లలోనే వాడతారు కాబట్టి, కాయిల్ చేసిన పని కూడా అయస్కాంతం ఖాతాలో పడింది.

కరెంటు హోరు భరించలేనివాళ్లకు హంబకరే దారి. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఆలోచన ఇది: ఎదురెదురుగా పనిచేసే రెండు కాయిల్‌లు, వ్యతిరేక ధ్రువాలు. రెండింటిలోనూ పుట్టిన హోరు పరస్పరం రద్దవుతుంది, తీగ సంకేతం మాత్రం జతపడుతుంది. సింగిల్ కాయిల్ గాడిలో ఇమిడే సన్న హంబకర్‌లు కూడా దొరుకుతాయి, చెక్క చెక్కే పని లేకుండా.

కొనే ముందు స్క్రూడ్రైవర్‌తో పికప్ ఎత్తు మార్చి చూడటం మంచిది. మిల్లీమీటరు తేడాకే బలం, పదును రెండూ మారతాయి. పాత పద్ధతి స్ట్రాటోకాస్టర్ వైరింగ్‌లో బ్రిడ్జి పికప్‌కు టోన్ నాబ్ పనిచేయదు. చిన్న వైరు ముక్కతో దాన్ని కలిపితే సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

అయినా కొనాల్సిందే అనుకుంటే తయారీదారు నుంచి ప్రేరకత్వం ఎంతో రాబట్టండి. బ్రిడ్జి దగ్గర ఒక అంచు తీగ నుంచి మరో అంచు తీగకు దూరం కొలవండి. హంబకర్‌లలో సుమారు 50, 53 మిల్లీమీటర్ల కొలతలు రెండూ ఉన్నాయి. చివరిగా ఫేజ్, అంటే రెండు పికప్‌ల సంకేతాలు ఒకే దిశలో ఊగుతున్నాయా లేదా అన్నది. కొత్త పికప్, ఉన్న మెడ పికప్‌తో వ్యతిరేక ఫేజ్‌లో ఉంటే, రెండూ కలిపి వాయించినప్పుడు ధ్వని రేకు డబ్బాలా పలుచబడుతుంది. నాలుగు వైర్ల పికప్ అయితే వైర్లు అటూ ఇటూ మార్చి సరిదిద్దవచ్చు. లోహపు తొడుగు, ఒక్క వైరు, దాని చుట్టూ అల్లిన కవచం ఉన్న పాత తరహా పికప్‌లో అలా మారిస్తే తొడుగుకే సంకేతం చేరి, దాన్ని వేలితో తాకినప్పుడల్లా హోరు పెరుగుతుంది.